జిగురు లేని పొట్లం

మా ఇంట్లో పాత స్టీలు డబ్బా ఒకటుంది. మూతకు సొట్టపడి సరిగ్గా మూసుకోదు. ఊడిన గుండీలు, విరిగిన పిన్నీసులు, ఏ తాళానివో ఎవరికీ గుర్తులేని తాళంచెవులు అందులో వేస్తుంటాం. ఒక ఆదివారం మా అమ్మాయి స్వప్న గుండీ కోసం ఆ డబ్బాను మంచం మీద బోర్లించింది. అన్నింటి అడుగునుంచి అరచేతిలో పట్టేంత కాగితం పొట్లం ఒకటి బయటపడింది. పాత న్యూస్ పేపరుది. రంగు మారి రొట్టె పెంకు మీద మాడిన పిండిలా ఉంది. ఊపితే లోపల గలగలమంది. బీరగింజలు.

"జిగురు లేదు, దారం లేదు, పిన్ను గుడ లేదు. ఇన్నేండ్లు ఎట్ల ఆగిందమ్మా గిది? ఎవరు కట్టిన్రు?" అని స్వప్న అడిగింది.

"మా అవ్వో, మీ పెద్దమ్మో కట్టి ఉంటరు. నేను కడితే సగమే కట్టి ఉంట" అన్నాను. మా అమ్మను మేము అవ్వ అనేవాళ్లం. సగం మాట స్వప్నకు అర్థం కాలేదు. అప్పటికే పొట్లం విప్పే తొందరలో ఉంది. ఎండిన కాగితం మడతల వెంట పెళుసుగా చిట్లి, నాలుగైదు ముక్కలై మంచం మీద రాలిపోయింది. ఎలా మడిచారో చూసుకోవడానికి ఏమీ మిగల్లేదు.

స్వప్న కోట్‌పల్లి వైపు ఒక సర్కారు బడిలో మూడో తరగతికి చెబుతుంది. వానలు పడకముందే పిల్లలందరూ ఇళ్లనుంచి రెండు మూడు రకాల గింజలు తెచ్చి, తామే మడిచిన పొట్లాల్లో పోసి, ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకొని, బడి కంచె వెంట నాటాలన్నది ఆమె ఆలోచన. జిగురు సీసాలు, ప్లాస్టిక్ కవర్లు లేకుండా జరగాలని పట్టు. ఆ పొట్లం చూడగానే అది కుదురుతుందనుకుంది. "నువ్వు రూముల బొమ్మలు గీసి బండల హిసాబు చెప్తవు కద, గా పొట్లం మడిచేది ఒక కాగితం మీద గీసియ్యలేవా?" అంది.

నేను చేసే పని అదే. వికారాబాద్‌లో మా ఆయన నడిపే బండల దుకాణానికి ఇల్లు కట్టుకునేవాళ్లు వస్తారు. గది పొడవు వెడల్పు చెబితే ఎన్ని బండలు పడతాయో, మూలల్లో ఎన్ని కోయాలో, ఎన్ని పగలొచ్చో గీసి చెబుతాను. నేను చదివింది ఏడో తరగతి వరకే. మిగతా లెక్కలు బండలు చూసి, బండలు కోసేవాళ్లను అడిగి, తప్పులు చేసి నేర్చుకున్నాను. కాగితం మడవడం ఎంత పని అనుకున్నాను.

మొదటి కాగితం గీయడానికి రెండు సాయంత్రాలు పట్టింది. స్కేలుతో కొలిచి గీతలు గీశాను. మడత వచ్చేచోట చుక్కల గీత, మడవాల్సిన దిక్కుకు బాణం గుర్తు, పక్కన ఎన్ని అంగుళాల దగ్గర మడవాలో అంకెలు, కింద ఒక్కో దానికి రెండు ముక్కల వివరణ. నా కంటికి చాలా శుభ్రంగా కనిపించింది. చివరి మూత ఎలా పడేదో సరిగ్గా గుర్తులేదు గానీ, నాలుకలా మిగిలే ముక్కను లోపలికి దోపడమే కదా అని అలాగే గీశాను.

స్వప్న దాన్ని బడికి తీసుకెళ్లి, సాయంత్రం ఒక సంచీ నిండా ఉండలు చుట్టినట్టున్న కాగితాలతో తిరిగొచ్చింది. ఒక్కొక్కటీ తీసి నా ముందు పెట్టింది. చుక్కల గీతలు చూసి సగం మంది కత్తెర అడిగారట. వాళ్ల పుస్తకాల్లో చుక్కల గీత పక్కన ఎప్పుడూ కత్తెర బొమ్మే ఉంటుంది మరి. ఒక పాప నేను గీసిన బాణాన్ని తన కాగితం మీద పెన్సిల్‌తో అచ్చు అలాగే గీసి, పని అయిపోయిందన్నట్టు చేతులు కట్టుకుని కూర్చుందట. అంగుళాల సంగతి ఎవరికీ పట్టలేదు. ఒక్కొక్కరి దగ్గర ఒక్కో సైజు కాగితం ఉంటే నా అంకెలు ఏం పనికొస్తాయి? ఆ రాతలు చదవగలిగినవాళ్లు కొందరే. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలున్నారు, కర్ణాటక నుంచి పనికి వచ్చినవాళ్ల పిల్లలు కన్నడం మాట్లాడతారు. ఎలాగో మడిచినవాళ్ల పొట్లాలు కూడా ఊపగానే నోరు తెరిచి గింజలు కక్కేశాయి.

"అమ్మా, గిది చూస్తే ఇల్లు కట్టే ప్లాన్ లెక్కనే ఉన్నది. పొట్లం ఏడున్నదో నాకు గుడ దొరుకలే" అని నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, "నిజంగ చెప్పు, నీకు చివరికి ఎట్ల మూస్తరో తెలుసా?" అంది.

నేను ఒక చదరం కాగితం తీసుకుని మడిచాను. మొదటి మడతలకు చేతులు ఆలోచించకుండానే కదిలాయి. మూత దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాయి. దోపాను, ఊపాను, జారిపోయింది. మళ్లీ దోపాను. లెక్క తప్పితే ఎక్కడ తప్పిందో వెనక్కి వెళ్లి పట్టుకోగలను. ఇక్కడ వెనక్కి వెళ్లడానికి నా దగ్గర ఏమీ లేదు, ఎందుకంటే ఆ చివరి మడత నేనెప్పుడూ వెయ్యలేదు.

మేము పెరిగింది తాండూరులో. నాయన గనిలో పనిచేసేవాడు. అంచు విరిగినవి, రంగు కలవనివి అని పక్కన పడేసిన బండలను ఒకటి రెండు చొప్పున ఇంటికి మోసుకొచ్చి, ఏళ్ల తరబడి పోగేసి, ఇంటి నేలంతా తనే పరిచాడు. అందుకే మా నేలలో బూడిద రంగు పక్కన పసుపు, పసుపు పక్కన కొంచెం నీలం ఉండేవి. రంగులు ఎలా ఉన్నా సందులు మాత్రం దారం పట్టినట్టుండేవి. నిజంగానే దారం పట్టి చూసేవాడు. రెండు బండలు కలిసే ఆ సన్నటి సందు గుమ్మం నుంచి పొయ్యి దాకా ఎక్కడా వంకర పోకుండా సాగేది. ఇంటికి ఎవరైనా వస్తే నాయన కళ్లు ముందు వాళ్ల మొహం వైపు కాదు, వాళ్లు నేల వైపు చూస్తున్నారా లేదా అని చూసేవి. నేను అంకెలు నేర్చుకున్నది కూడా ఆ నేల మీదే. అడ్డం ఎన్ని, నిలువు ఎన్ని, మూలకు కోసినవి ఎన్ని అని నాయన అడిగేవాడు, నేను కాళ్లతో తొక్కుకుంటూ చెప్పేదాన్ని.

అవ్వ పొద్దున్నే జొన్నరొట్టెలు కొట్టేది. ఆ చప్పుడుకే మేము లేచేవాళ్లం. రొట్టెలయ్యాక పొయ్యి మీద కందులు వేయించేది. ఆ వాసన వీధి చివరి దాకా పోయేది. గని నుంచి వచ్చే సన్నటి తెల్లటి దుమ్ము అన్నింటి మీదా వాలేది, ఆరేసిన బట్టల మీద, వడియాల మీద, మా వెంట్రుకల మీద. అవ్వ మధ్యాహ్నం నేలంతా తడిబట్టతో తుడిచి ఆరిన తర్వాత, పాత పేపర్ల కట్ట తెచ్చి మధ్యలో పెట్టేది. బజారులోని కిరాణం దుకాణానికి ఓమ, సోంపు, మెంతులు, పసుపు కట్టే చిన్న పొట్లాలు మా ఇంటినుంచే వెళ్లేవి. ఇళ్లల్లో కవర్లు అంటించేవాళ్లు చాలామంది ఉండేవారు గానీ, వాళ్లంతా మైదా ఉడికించి జిగురు చేసేవాళ్లు. అవ్వ ఒప్పుకునేది కాదు. "తినే పిండి తీస్కపోయి కాగితానికి పూస్తరా? మనం తినేది బొద్దింకలకు పెట్టుడా?" అనేది. అందుకని పిండి చుక్క తగలని పొట్లం మా ఇంట్లో నడిచింది. అది ఆమె ఎక్కడ నేర్చుకుందో మేము అడగలేదు. చిన్నప్పుడు అమ్మకు తెలిసినవన్నీ పుట్టుకతోనే తెలుసనుకుంటాం.

అక్క నాకంటే బాగా పెద్దది. పేరు అంజమ్మ. మేమిద్దరం ఎదురుబొదురుగా కూర్చునేవాళ్లం. మధ్యలో ఒక పసుపు బండ. చదరంగా చింపిన కాగితాన్ని నేను మూలకు మూల కలిపి మడిచేదాన్ని, సమోసా ఆకారం వచ్చేది. పొడుగు అంచును బండల సందు మీద ఆనించి, ఒక పక్క మూలను ఎదుటి అంచు మీదికి, రెండో మూలను ఇటు మీదికి తెచ్చేదాన్ని. ఎంతవరకు తేవాలి అన్నదానికి అంగుళాలు లేవు, గీతలు లేవు. మూల మీదికొస్తుంటే ఆ మడత పై అంచు వంకరగా కనబడుతుంటుంది. అది కింది సందుకు సమాంతరంగా నిలిచేదాకా జరపాలి, నిలవగానే నొక్కాలి. పేపరు చిన్నదైనా పెద్దదైనా సందు అబద్ధం చెప్పదు. అంతటితో నా పని అయిపోయేది. దాన్ని బండ మీద నుంచి అక్క వైపు తోసేదాన్ని. అక్కడి నుంచి ఆమె పని. పైన మిగిలిన రెండు నాలుకల్లో ముందుదాన్ని, మడిచిన మూల దగ్గర ఏర్పడే జేబులోకి దోపడం, నోరు తెరిచి ఓమ పోయడం, వెనకదాన్ని మూతగా దించడం. పొట్లం నాకు ఎప్పుడూ తలకిందులుగా కనబడేది, పైగా అక్క అరచేతి చాటున. ఆ చాటున ఏం జరిగేదో నేను చూడలేదు. చూడాలని కూడా తోచలేదు. తోసిన వెంటనే తర్వాతి కాగితం తీసుకోవాలి కదా.

నా చూపు ఆగేది మాత్రం అక్క చేతి మీద. ఆమె ఎడమ చేతికి పచ్చబొట్టు ఉంది. ఒక జాతరలో పొడిపించుకుంది. చిన్న తేలు బొమ్మ, దాని తోక నుంచి మణికట్టు వైపు చుక్కల వరుస. అవ్వ ఆ రోజు మా ఇద్దరికీ పొడిపిద్దామనే తీసుకెళ్లింది. సూది చూసి నేను నాయన పంచె చాటుకు పోయి బయటికి రాలేదు. అక్క మాత్రం పొడిచేంతసేపూ కదలకుండా, చేతి వైపు చూడకుండా, నా వైపు చూసి నాలుక వెళ్లబెడుతూ కూర్చుంది. తర్వాత ఎన్నో ఏళ్లు, పొట్లం మడవడంలో నేను వెనకబడితే చాలు, ఆ తేలును నా మొహం దగ్గరికి తెచ్చి "కుడుతది చూడు" అని బెదిరించేది.

ఇన్నేళ్ల తర్వాత ఆ చివరి మడత కావాలంటే అక్క దగ్గరికే వెళ్లాలి. అక్కడే నాకు సందేహం వచ్చింది. పోయిన చలికాలం అక్కకు పక్షవాతం వచ్చింది. మాట మిగిలింది, కాలు కొంత కోలుకుంది. కుడి చెయ్యి రాలేదు. తాండూరులోనే కొడుకు ఇంట్లో ఉంటుంది. ఫోన్ చేస్తే "మంచిగనే ఉన్న" అంటుంది. ఆమె కోడలు రేణుక మాత్రం వేరుగా చెప్పేది. "చిన్నత్తమ్మా, అత్తమ్మ రూములకెల్లి బయటికే వస్తలేదు. వాకిట్ల కూసోమంటే మందికి నా చెయ్యి చూపియ్యాల్నా అని కసురుకుంటున్నది. ఏ పని ముట్టమన్నా ముడుతలేదు." అలాంటి మనిషి దగ్గరికి వెళ్లి, నీ చేతులతో చేసి చూపించమని ఎలా అడగాలి? అడక్కపోతే ఆ మడత ఆమెతోనే ఉండిపోతుంది. స్వప్న బడిపిల్లల పొట్లాల సంగతి అలా ఉంచితే, అక్క ఇక దేనికీ చెయ్యి చాపకుండా ఆ గదిలోనే కూర్చుండిపోతుందేమో అన్న భయం నాకు ఎక్కువగా ఉంది.

పొద్దుటి ప్యాసింజర్‌కు బయలుదేరాను. ధారూర్ దాటాక కిటికీ బయట దున్ని వదిలేసిన ఎర్రటి చేలు. సంచీలో పాత క్యాలెండర్ కాగితాలు, పెన్సిళ్లు, రబ్బరు. దారంతా ఎలా అడగాలో మాటలు కూర్చుకున్నాను. వెళ్లాక ఒక్కటీ పనికి రాలేదు.

అక్క మంచం మీద గోడకు ఆనుకుని ఉంది. కుడి చెయ్యి చీర కొంగు కింద దాచుకుంది. సంగతి విని, "ఏందే పద్మా, నవ్వులాటనా? చెయ్యి పోయినోళ్లను చూసి పొట్లం కట్టుమనవడితివి. నీ బిడ్డకు ఫోన్ల దొరుకది? అన్ని ఫోన్లనే ఉన్నయంట గద" అంది.

"ఫోన్ల బొచ్చెడు పొట్లాలున్నయి అక్కా. అవ్వ పొట్లం లేదు."

"నీకు రాదా?"

"నాకు సగమే వచ్చు. మిగిలింది నువ్వు చెయ్యి చాటు పెట్టుకొని చేస్తుంటివి."

"చాటు పెట్టిననా? నువ్వే పిచ్చుకల దిక్కు చూస్తుంటివి" అంది. కానీ నేను కాగితాన్ని మంచం మీద పెట్టి మూలలు మడుస్తుంటే చూపు తిప్పుకోలేకపోయింది. పరుపు మెత్తగా కుంగుతోంది, నా మడత వంకర పోయింది. "గట్ల కాదు. సందు మీద వెట్టు" అంది చప్పున.

ఇద్దరం నేల వైపు చూశాం. కొడుకు కట్టిన కొత్త ఇల్లు. నిగనిగలాడే తెల్లటి టైల్స్, అతుకు ఎక్కడుందో వెతికినా దొరకదు. నాయన ఈ నేలను చూసి ఉంటే ఏమనేవాడో అనుకున్నాను. మెచ్చుకునేవాడే, సందు దొరకనంత పని ఆయనకు కలలో కూడా కుదరలేదు. కాగితం మడవడానికి మాత్రం ఆ నేల అక్కరకు రాలేదు.

"నల్లా కాడ బండలున్నయి. గిన్నెలు తోమేటియి" అంది అక్క. అని, తనే ఆ మాట అన్నందుకు నాలుక కరుచుకున్నట్టు ఆగింది. నీళ్ల నల్లా ఇంటి ముందు వాకిట్లో ఉంది. ఎదురింటివాళ్లు, పక్కింటివాళ్లు, దారిన పోయేవాళ్లు అందరూ కనబడే చోటు.

కాగితం పట్టుకుని నిలబడ్డాను. కాసేపటికి అక్క "ఎందుకు నిలబడ్డవ్, భుజం ఇయ్యి" అంది.

రేణుక పరుగున వచ్చి గిన్నెలు పక్కకు తీసి, గోనెసంచి పరిచింది. పాత ఇంటినుంచి తెచ్చినవట ఆ బండలు, తడికి నల్లబడ్డాయి. ఎదురింటావిడ గుమ్మంలోకి వచ్చి, "అంజమ్మక్కా, ఎన్ని దినాలకు కండ్లవడ్డవు!" అంది. అక్క "బతికే ఉన్న, ఫికర్ చెయ్యకు" అంది తల ఎత్తకుండా.

అలవాటు ప్రకారం నేను ఆమెకు ఎదురుగా కూర్చోబోయాను. "అటు కూసుంటే మల్ల తలకిందులే చూస్తవు. ఇటు రా" అని పక్కకు పిలిచింది. ఆమె కుడి పక్కన, భుజానికి భుజం ఆనించి కూర్చున్నాను. ఇన్నేళ్లలో మేము ఒకే వైపు నుంచి ఒక కాగితాన్ని చూడటం అదే మొదలు. నేను నా సగం మడిచాను. తర్వాత అక్క ఎడమ చెయ్యి చాపి పొట్లాన్ని సందు మీద నొక్కి పట్టింది. చెయ్యి సన్నబడింది, గాజులు వదులై మణికట్టు మీదికి జారాయి. రెండో చెయ్యి కోసం ఒక్క క్షణం ఆమె భుజం కదిలింది. అది రాలేదు. నేను నా కుడి చెయ్యి అక్కడ పెట్టాను.

"ముందు నాలుక జేబులకు తొయ్యి. మొత్తం తొయ్యి, ఏం భయం? ఇగ నోరు తెరువు. గింజలు పోసినవనుకో. వెనుక నాలుక దించు. ఆఁ, ఆగు ఆగు, దోపకు! కొస మలువు."

"ఏ కొస?"

"నాలుక కొస. గోరంత లోపలికి మలువు. మలిచినంక దోపు."

గోరంత లోపలికి మడిచాను. మలిచిన కొస కొద్దిగా దళసరి అయి, జేబు అంచు కింద ఒత్తుకుంటూ లోపలికి వెళ్లింది. వెళ్లి, అక్కడ తట్టుకుని నిలిచింది. అంతే. లాగితే రాలేదు. ఆ గోరంత మడత వల్లే ఆ పొట్లం మా డబ్బా అడుగున అన్నేళ్లు గింజను జారనివ్వకుండా ఉంది. రేణుక గుప్పెడు మెంతులు తెచ్చింది. పోసి, మూసి, అక్క దాన్ని ఎడమ చేత్తో తలకిందులు చేసి చెవి దగ్గర ఊపింది. ఒక్క మెంతి రాలలేదు. "అవ్వ గిట్లనే ఊపుతుండె" అంది. ఆ తర్వాత మేమిద్దరం ఆమె ఎడమ చెయ్యి, నా కుడి చెయ్యి కలిపి చాలా పొట్లాలే మడిచాం. నేను తొందరపడితే మోచేత్తో పొడిచేది. ఎదురింటావిడ కూడా వచ్చి కూర్చుంది. భోజనాల వేళ దాటాక రేణుక పిలిచేదాకా అక్క లోపలికి వెళ్దామనలేదు.

ఆ సాయంత్రమే, మర్చిపోకముందే, అక్కడే కూర్చుని రెండో కాగితం గీశాను. ఈసారి అంకెలు లేవు, అక్షరాలు లేవు. చుక్కల గీతల బదులు మడత సగం లేచి ఉన్నట్టు గీశాను. బాణాలు తీసేశాను, కాగితాన్ని చేతులే కదిలిస్తున్నట్టు చూపించాను. క్యాలెండర్ కాగితానికి అచ్చు వైపు పెన్సిల్‌తో నలుపు రుద్ది, తెల్ల వైపు వదిలేశాను, ఏది లోపల ఏది బయట అన్నది చూడగానే తెలిసేలా. ప్రతి బొమ్మ కిందా ఒకే అడ్డగీత, అది బండల సందు. కొస మలిచే బొమ్మను మిగతావాటికంటే పెద్దగా గీశాను. చేతులు మాత్రం ఎలా చూశానో అలాగే గీశాను. నాకు అలాగే వస్తుంది, ఎదురుగా ఉన్నది ఉన్నట్టు. ఎడమ చేతికి గాజులు, తేలు, చుక్కలు. కుడి చేతికి ఏమీ లేదు.

ఇది గీస్తున్నప్పుడు ఒకటి అర్థమైంది. అవ్వ మాకు పని నేర్పిన తీరులో మాటలే తక్కువ. ఎవరి వాటా వాళ్లకు చేతికి అలవాటయ్యేది, పక్కవాళ్ల వాటా పక్కవాళ్లే చేసేవారు. ఇల్లు కలిసి ఉన్నంతకాలం అది చక్కగా నడిచింది, పొట్లం మొత్తం ఒక్కరికే రావాలన్న అవసరం ఎవరికీ పడలేదు. ఇప్పుడు ఏది కావాలన్నా ఒక్కరమే కూర్చుని ఫోన్‌లో చూసి మొదటినుంచి చివరిదాకా నేర్చుకుంటాం. అది తక్కువేమీ కాదు. నేను దుకాణంలో కొత్త రకం లెక్కలు అలాగే నేర్చుకున్నాను. కానీ నేర్పేవాళ్ల మోచెయ్యి తగలకుండా నేర్చుకున్నవి మర్చిపోవడం కూడా తేలికే. అప్పటిదాన్నీ ఇప్పటిదాన్నీ పక్కపక్కన పెట్టి ఏది ఎక్కువని తేల్చే లెక్క నాకు ఇంకా రాలేదు.

రెండో కాగితం బడికి వెళ్లిన రోజు నేను కూడా వెళ్లాను. వెనకాల గోడ దగ్గర కుర్చీ వేశారు. స్వప్న ఏమీ చెప్పకుండా బొమ్మల కాగితాలు, క్యాలెండర్ కాగితాలు పంచి పక్కకు జరిగింది. పిల్లలు నేల మీద బొమ్మల చుట్టూ గుంపులుగా వంగారు. కత్తెర ఎవరూ అడగలేదు. కాసేపు గుసగుసలు. అంతకుముందు బాణం గీసిన పాప, పేరు షబానా అట, బొమ్మ మీద వేలు పెట్టి గట్టిగా అంది. "టీచర్, గీ చేతికి పచ్చబొట్టున్నది. గా చేతికి లేదు. ఇద్దరు కావాలె గద?"

స్వప్న నా వైపు చూసింది. అప్పటికే తరగతి అంతా జంటలు కడుతోంది. "నువ్వు పచ్చబొట్టు చెయ్యి, నేను ఒట్టి చెయ్యి" అని వాటాలు వేసుకుంటున్నారు. ఒకరి ఎడమ చెయ్యి, ఇంకొకరి కుడి చెయ్యి. రెండో చేతిని కొందరు వీపు వెనక పెట్టుకున్నారు, బొమ్మలో లేదు కాబట్టి. కన్నడం మాట్లాడే పిల్లవాడు, ఉర్దూ మాట్లాడే షబానా భుజం భుజం ఆనించి కూర్చున్నారు. "ఏయ్, గట్టిగ పట్టు", "నువ్వే జర ఆగు", మోచేతులతో పొడుచుకోవడం, నవ్వులు. ఒక్కరు చేస్తే అయ్యేదానికి రెట్టింపు సమయం పట్టింది. నేల బండలది కాదు, సిమెంటుది. సందుకు బదులు వాళ్లు పలక అంచు వాడుకున్నారు. అది నేను గీయలేదు, వాళ్లే కనిపెట్టారు. కొస మలిచే పెద్ద బొమ్మ దగ్గర అందరూ ఆగి, మళ్లీ మళ్లీ చూసి, గోరంత మలిచారు. పోసిన గింజలు, ఊపితే, ఆగాయి.

ఇంటికి వస్తూ ఆటోలో స్వప్న అంది. "పొట్లాలు మంచిగనే వచ్చినయి. గని పచ్చబొట్టు తీసెయ్యి అమ్మా. వేరే బడులోళ్లు గుడ అడుగుతున్నరు. అందరు ఇద్దరిద్దరు కావాలనుకుంటరు." ఆమె చెప్పింది సరైనదే. చూసినవాళ్లకు లేనిది ఉందనిపించే బొమ్మ శుభ్రమైన బొమ్మ కాదు. నేనైనా ఇంకొకరి బొమ్మలో అది తప్పనే చెబుతాను. ఇంటికి వచ్చి రబ్బరు తీసుకుని కాగితం ముందు కూర్చున్నాను. ఈలోపు స్వప్న, పిల్లలు మడుస్తుండగా ఫోన్‌లో తీసిన వీడియోను, బొమ్మల కాగితం ఫోటోను రేణుకకు పంపింది. కాసేపటికి ఫోన్ మోగింది. అక్క.

"ఒక్కొక్క చెయ్యితోని చేస్తున్నరేందే పోరగాళ్లు?" అంది.

"నీ చెయ్యి, నా చెయ్యి గీసిన గదక్కా. ఇద్దరు చేసేదనుకున్నరు."

అటు వైపు వీడియో మళ్లీ పెట్టుకుని చూస్తోంది, పిల్లల గోల వినబడుతోంది. తర్వాత, "మల్ల, గీ చుక్కలు నాలుగే ఏసినవేంది? ఐదుంటయి" అంది.

"నేను చూసే ఏసిన. నాలుగే ఉన్నయి."

"హిసాబులు నీయే గని చెయ్యి నాది. మల్లొచ్చి చూస్కపో."

రబ్బరు పక్కన పెట్టేశాను. ఆ ఆదివారం మళ్లీ అదే ప్యాసింజర్‌కు వెళ్లాను. నేను వాకిలి చేరేసరికి అక్క అప్పటికే బయట, నల్లా దగ్గరి బండల మీద గోనెసంచి పరుచుకుని కూర్చుని ఉంది. కుడి చెయ్యి ఒళ్లో తెరిచే ఉంది, దాని మీద కొంగు లేదు. పక్కన చింపి పెట్టిన చదరాల కట్ట, ఎదురింటావిడ. నన్ను చూడగానే ఎడమ చేతిని నోటి దగ్గరికి తెచ్చుకుని, పళ్లతో పట్టి గాజులను పైకి జరిపి, నా ముందుకు చాపింది. మణికట్టు మీద, గాజులు ఉండే చోట, ఐదో చుక్క ఉంది.